ఆటకు సీమ రంగు

ఇండోనేషియా బస్సు గేమ్‌కు మన కుర్రాళ్లు ఆర్టీసీ రంగులు వేస్తున్నారు. గేమ్‌లోని పాత బొమ్మ తీసేసి సొంత బొమ్మ పెట్టే ఈ విద్యకు పెద్ద స్టూడియో అక్కర్లేదు, ఖరీదైన కంప్యూటరూ అక్కర్లేదు. కావలసింది చూసే కన్ను, ఓపిక. నాపరాయి, నల్లరేగడి, ఎర్రరాతి కోట గోడలు ఉన్న కర్నూలు, కడప సీమకు ఇందులో పెద్ద వాటాయే దక్కాలి.

జావా దీవి రోడ్డు మీద ఒక ఆర్టీసీ బస్సు పోతోంది. రెండు పక్కలా వరి మడులు, పెంకుటిళ్లు, ఇండోనేషియా భాషలో దుకాణాల బోర్డులు. బస్సు నుదుటి మీద మాత్రం నిండుగా తెలుగు: కర్నూలు – నంద్యాల – ఆళ్లగడ్డ – మైదుకూరు – కడప. స్టీరింగు పట్టినవాడు ఏ నంద్యాలలోనో ప్రొద్దుటూరులోనో ఇంటి అరుగు మీద ఫోను పట్టుకుని కూర్చున్న పిల్లాడు.

ఆ గేమ్ పేరు బస్ సిమ్యులేటర్ ఇండోనేషియా. ఆడేవాళ్లంతా ముద్దుగా ‘బస్సిడ్’ అంటారు. మలేయో అనే ఇండోనేషియా సంస్థ 2017లో విడుదల చేసింది. తమ దేశపు బస్సులు, తమ ఊళ్లు, తమ హారన్లు తెర మీద కనబడాలి, వినబడాలి అన్న కోరిక ఆ గేమ్ నిండా ఉంది. అక్కడ కూడా మనలాగే రోడ్డుకు ఎడమ పక్కన నడుపుతారు, డ్రైవరు సీటు కుడి పక్కన ఉంటుంది. మన పిల్లలకు అది పరాయి గేమ్‌లా అనిపించకపోవడానికి అదొక కారణం. అసలు కారణం ఇంకొకటి: బస్సు రంగులను ఆడేవాళ్లే మార్చుకోవచ్చు. ఆ రంగుల పొరను లివరీ అంటారు. బస్సు ఆకారాన్నే కొత్తగా చేసి పెట్టుకునే వీలూ కల్పించారు. దాంతో కేరళ టూరిస్టు బస్సులు వచ్చాయి, కర్ణాటక బస్సులు వచ్చాయి. ఏపీఎస్ఆర్టీసీ, తెలంగాణ ఆర్టీసీ బస్సులూ వచ్చాయి. పల్లెవెలుగు, సూపర్ లగ్జరీ, ఇంద్ర, గరుడ... ఏ సర్వీసుకు ఏ రంగో బస్టాండులో నిలబడి చూసిన పిల్లలే వీటిని గీశారు. వీళ్లలో చాలామందికి జీతం లేదు, గురువు లేడు. బస్సు మీద ప్రేమ ఒక్కటే ఉంది.

ఆ ప్రేమ వెనుక ఒక విద్య ఉంది. దాని గురించే ఈ కథనం.

ఆకారం మీద పరిచే బొమ్మ

గేమ్‌లో కనిపించే ప్రతి వస్తువులో రెండు భాగాలుంటాయి. ఒకటి ఆకారం, రెండోది దాని మీద పరిచిన బొమ్మ. ఆ బొమ్మనే టెక్స్‌చర్ అంటారు. నాలుగు మూలల గోడ ఒకటి నిలబెట్టడం వరకే ఆకారం పని. అది ఇటుక గోడా, సున్నం కొట్టిన గోడా, వానకు పెచ్చులూడిన మట్టి గోడా అన్నది టెక్స్‌చర్ చెబుతుంది. వంపు తిరిగిన ఆకారాల మీద బొమ్మను ఇలా పరిచే పద్ధతిని 1974లో యూటా విశ్వవిద్యాలయంలో ఎడ్విన్ క్యాట్మల్ తన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథంలో చూపించారు. తర్వాత పిక్సార్ స్థాపకుల్లో ఒకరయ్యారు. 2019 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డును పాట్ హన్రహాన్‌తో కలిసి అందుకున్నారు. ఇవాళ మనం చూసే ప్రతి త్రీడీ గేమూ, ప్రతి గ్రాఫిక్స్ సినిమా ఆ పునాది మీద కట్టినవే.

బొమ్మ వేరు, ఆకారం వేరు అయినప్పుడు బొమ్మను మార్చడం సాధ్యమే. 1993లో వచ్చిన డూమ్ గేమ్ ఈ దారిని వెడల్పు చేసింది. గోడల బొమ్మలూ మ్యాపులూ ప్రోగ్రాములో కలిపెయ్యకుండా విడి ఫైలులో పెట్టింది. ఆడేవాళ్లు ఆ ఫైలు తెరిచి సొంత బొమ్మలు పెట్టుకున్నారు. మైన్‌క్రాఫ్ట్‌లో అయితే ఒక రాయి ముఖం అడ్డం 16, నిలువు 16 చుక్కల బొమ్మ, అంతే. ఆరో తరగతి పిల్లాడు కూడా కూర్చుని మార్చగలడు. ఒక తరం కుర్రాళ్లు నెట్ సెంటర్లలో గంటకింత ఇచ్చి ఆడిన జీటీఏ వైస్ సిటీ, శాన్ ఆండ్రియాస్‌లలో టెక్స్‌చర్లన్నీ టీఎక్స్‌డీ అనే మూటల్లో ఉంటాయి. ఆ మూట విప్పే చిన్న పనిముట్లు వచ్చాక ఊరూరా అభిమానులు వాటిలో సొంత బొమ్మలు కట్టారు. పాత గేమ్ యంత్రాలను కంప్యూటరులో నడిపే డాల్ఫిన్, పీసీఎస్ఎక్స్2 లాంటి ఎమ్యులేటర్లు ఇంకో అడుగు వేశాయి. ఆట సాగుతుండగానే టెక్స్‌చర్లను ఒక ఫోల్డరులోకి దింపుతాయి. ఒక్కో బొమ్మకు అంకెలూ అక్షరాలూ కలిసిన పొడవాటి పేరుంటుంది. మీరు గీసిన కొత్త బొమ్మకు సరిగ్గా అదే పేరు పెట్టి చెప్పిన ఫోల్డరులో వేస్తే గేమ్ పాతదాన్ని వదిలి కొత్తది వాడుకుంటుంది. పేరులో ఒక్క అక్షరం తప్పినా పాత బొమ్మే కనబడుతుంది.

బస్సుకు రంగు వేయడం

దర్జీ చొక్కా కుట్టే ముందు ముందుభాగం, వెనుకభాగం, చేతులు విడివిడిగా గుడ్డ మీద గీసుకున్నట్టే బస్సు ఆకారాన్ని కూడా ముక్కలుగా విప్పి చదునుగా పరుస్తారు. ఎడమ పక్క, కుడి పక్క, ముందు, వెనుక, పైకప్పు అన్నీ ఒకే చతురస్రంలో సర్దుకుంటాయి. ఆ చతురస్రమే టెంప్లేటు. లివరీ గీసేవాళ్ల పనంతా దాని మీదే.

బస్సును ఫొటో తీసి ఆ ఫొటోనే అతికిస్తే సరిపోదా? సరిపోదు. బస్సు రేకు మెరుస్తుంది. అందులో ఆకాశం ఉంటుంది, పక్క బస్సు నీడ ఉంటుంది, ఫొటో తీసినవాడి నీడా ఉంటుంది. ఆ మెరుపు బొమ్మలో ఉండిపోతే గేమ్‌లో రాత్రి పూట కూడా బస్సు మీద మధ్యాహ్నపు ఎండ కనబడుతుంది. అందుకే మంచి లివరీకారుడు ఫొటోను చూస్తూ చారలన్నీ మళ్లీ గీస్తాడు. రంగు ఎంచడానికీ ఒక పద్ధతుంది. అదే బస్సును ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి తీసి రెంటికీ నడుమ ఉన్న రంగు తీసుకోవాలి. పక్క భాగం మీద మొదలైన చార మూల తిరిగి ముందుభాగం మీదికి వచ్చేచోట ఒక్క పిసరు తేడా వచ్చినా గీత విరిగినట్టు కనబడుతుంది. కొత్తవాళ్ల పనికీ చేయి తిరిగినవాళ్ల పనికీ తేడా ఆ మూల దగ్గరే తెలిసిపోతుంది.

రంగులు కుదిరాక దుమ్ము వెయ్యాలి. సీమ రోడ్ల మీద తిరిగిన బస్సు షోరూములోంచి దిగినట్టు ఉండదు. చక్రాల వెనుక, మెట్ల దగ్గర, వెనుక అద్దం చుట్టూ దుమ్ము పేరుకుంటుంది. పత్తికొండ వైపు తిరిగిన బస్సుకు ఎర్రగా, కోవెలకుంట్ల వైపు వెళ్లి వానలో తడిసిన బస్సుకు నల్లగా. దీన్ని విడి పొరగా, పలచగా వేసుకుంటే కావలసినప్పుడు తీసెయ్యవచ్చు. తన ఊరి మట్టి రంగు తెలిసినవాడు వేసిన దుమ్ముకూ, బజారు దుమ్ము బ్రష్షుకూ ఎంత తేడా ఉంటుందో చూస్తే గాని నమ్మలేం.

తెలుగు అక్షరం దగ్గర జాగ్రత్త

బోర్డు రాసేటప్పుడే అసలు చిక్కు వస్తుంది. ఫొటోషాప్‌లో భారతీయ లిపులకు సరిపడే అమరిక ఎంచుకోకపోతే ‘శ్రీశైలం’లో శకారం ఒకచోట, రావత్తు ఒకచోట పడతాయి. ‘ఎమ్మిగనూరు’లో మకారపు ఒత్తు పక్కకు జారుతుంది. ఉచితంగా దొరికే గింప్‌లో యూనికోడ్ తెలుగు చక్కగా కూర్చుంటుంది. ఫ్లెక్సీ దుకాణాల్లో వాడే అను ఫాంట్లతో రాయిస్తే అక్షరాలను బొమ్మగా మార్చి తెచ్చుకోవాలి. యూనికోడ్‌లో సూరన్న, పెద్దన, ధూర్జటి, రామరాజ, తెనాలి రామకృష్ణ పేర్లతో ఎవరైనా వాడుకోగల ఉచిత ఫాంట్లున్నాయి. బస్సు బోర్డుకు లావుపాటి అక్షరమే నప్పుతుంది.

తెలుగుకు ఇంగ్లిష్ కన్నా నిలువు చోటు ఎక్కువ కావాలి. పైన గుడి, కింద ఒత్తు. ఇంగ్లిష్ బోర్డుకు కేటాయించిన సన్నని పట్టీలో తెలుగును ఇరికిస్తే ఒత్తులు పూడిపోయి నల్లమచ్చ మిగులుతుంది. కొన్ని గేముల్లో వాహనం రెండు పక్కలకూ ఒకే బొమ్మ వాడతారు. అలాంటిచోట ఒక పక్క ‘కడప’ అని సరిగ్గా ఉంటే రెండో పక్క అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. రాసే ముందే ఇది చూసుకోవాలి.

‘ఇదంతా ఎందుకు, ఏఐ చేసిపెడుతుంది కదా’ అనేవాళ్లు ఒక సంగతి గుర్తు పెట్టుకోవాలి. 2021 నవంబరులో రాక్‌స్టార్ సంస్థ మూడు పాత జీటీఏ గేములను కొత్తగా ముస్తాబు చేసి విడుదల చేసింది. వేల టెక్స్‌చర్లను ఏఐ సాయంతో పెద్దవి చేశారు. దుకాణాల బోర్డుల మీద స్పెల్లింగులు చెడిపోయాయి. ఒక డోనట్ దుకాణం మీద దాని పేరుకు తగ్గట్టు ఉండాల్సిన ఆరు పలకల ఇనుప నట్టు గుండ్రంగా మారిపోయింది. ఆటగాళ్లు మండిపడ్డారు, సంస్థ క్షమాపణ చెప్పింది. ఆ బోర్డును చదవగల మనిషి ఒక్కసారి చూసి ఉంటే ఆ తప్పు దొర్లేది కాదు. ఇంగ్లిష్ అక్షరాలకే ఆ గతి పడితే మన గుణింతాలకూ ఒత్తులకూ కాపలా ఎవరు? తెలుగు చదవగలిగిన మనమే.

నాపరాయి పాఠం

టెక్స్‌చర్ విద్య నేర్చుకోవడానికి సీమలో దొరికే మొదటి పాఠ్యపుస్తకం కాళ్ల కిందే ఉంది. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల, కొలిమిగుండ్ల, బేతంచెర్ల ప్రాంతాల్లో పొరలు పొరలుగా విడిపోయే సున్నపురాయి దొరుకుతుంది. ఇక్కడివాళ్లకు అది నాపరాయి, బయటివాళ్లకు కడప బండ. ఇంటి నేల, వంటింటి గట్టు, అరుగు, అటక, పొలం గట్టున పాతిన రాతి కడీలు... అన్నిటా అదే.

ఒక అరుగు బండను టెక్స్‌చర్‌గా మార్చాలనుకోండి. మొదట వెలుతురు చూసుకోవాలి. నడినెత్తిన ఎండలో తీస్తే ప్రతి గరుకు పక్కనా నీడ పడుతుంది, ఆ నీడ బొమ్మలో శాశ్వతంగా ఉండిపోతుంది. అందుకే మబ్బు పట్టిన రోజో, పొద్దు పొడవక ముందో తీయాలి. సీమలో ఆషాఢం మబ్బులు చాలాసార్లు చినుకు రాల్చకుండానే గాలికి తేలిపోతాయి. రైతు గుండె బరువెక్కే రోజులే అవి. ఆ రోజుల్లో రాతి మీద పడే సమానమైన వెలుతురు ఫొటోకు శ్రేష్ఠం. కెమెరాను బండకు నిలువుగా, సరిగ్గా పైనుంచి పట్టాలి. పక్కన తెల్ల కాగితం పెట్టి ఒక ఫొటో తీస్తే తర్వాత రంగు సరిచూసుకోవచ్చు. కొలత టేపు పెట్టి ఇంకొకటి తీస్తే గేమ్‌లో బండ ఎంత పెద్దదిగా ఉండాలో తెలుస్తుంది.

ఇక కంప్యూటరు పని. గేమ్‌లో నేల పొడవునా ఒకే బొమ్మ పక్కపక్కనే పరుస్తారు. అంటే బొమ్మ కుడి అంచు ఎడమ అంచుతో, పై అంచు కింది అంచుతో అతుకు తెలియకుండా కలవాలి. దీనికి ఆఫ్‌సెట్ అనే చిట్కా ఉంది. బొమ్మను సగం పక్కకు, సగం కిందికి జరిపితే అంచులు నాలుగూ మధ్యకు వచ్చి కూడలిలా కనబడతాయి. ఆ అతుకును, పక్క భాగాన్ని నకలు తీసి పరిచే క్లోన్ పనిముట్టుతో చెరిపేయాలి. తర్వాత బండ మీద కొట్టొచ్చినట్టు కనిపించే మరకో పగులో ఉంటే తీసెయ్యాలి. లేకపోతే వంద బండల్లో వందసార్లు అదే మరక కనబడి గుట్టు రట్టవుతుంది.

రంగు ఒక్కటే చాలదు. ఇప్పటి గేములు ఒకే వస్తువుకు రెండు మూడు బొమ్మలు అడుగుతాయి. రంగుకు ఒకటి, ఎగుడుదిగుళ్లకు ఒకటి, నునుపుకూ గరుకుకూ ఇంకొకటి. ఈ మూడో బొమ్మ దగ్గర నాపరాయి గొప్ప పాఠం చెబుతుంది. పాత ఇంట్లో నేల చూడండి. తలవాకిలి నుంచి వంటింటి దాకా మనుషులు నడిచే దారిలో బండ నున్నగా మెరుస్తుంది. గోడ వారన, గాదె ఉన్న మూలన అదే బండ మసకగా ఉంటుంది. తడిస్తే మొత్తం నల్లబడుతుంది. ఆ ఇంట్లో తరాలుగా ఎవరు ఎటు నడిచారో బండ మీద రాసి ఉంటుంది. దాన్ని చూసి గీయగలిగినవాడి పనిలో ఇల్లు నిజంగా ఇల్లులా ఉంటుంది.

సీమలో ఏమున్నాయి?

2017లో వచ్చిన అన్‌చార్టెడ్: ది లాస్ట్ లెగసీ గేమ్‌ను మన పడమటి కనుమల్లో, హొయ్సళుల శిల్పాల నడుమ నడిపించారు. చేసింది అమెరికా స్టూడియో. మన నేలకు తెర మీద కనిపించే యోగ్యత ఉందని దాంతో తేలిపోయింది. మరి సీమకు తక్కువేమిటి?

గండికోటలో పెన్న కోసిన లోయ, ఎర్రరాతి కోట గోడలు. కర్నూలు నడిబొడ్డున కొండారెడ్డి బురుజు. 3,229 మీటర్ల పొడవైన బెలుం గుహల్లో నీరు చెక్కిన గోడలు. ఓర్వకల్లు దగ్గర రాళ్ల గుట్టలు. వేసవిలో నెర్రెలిచ్చిన నంద్యాల నల్లరేగడి. తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో తొలకరికి వజ్రాల కోసం జనం కళ్లతో జల్లెడ పట్టే ఎర్రనేల. చవుడు పరిచిన మట్టిమిద్దెల పైకప్పులు. శేషాచలం, పాలకొండల ఎర్రచందనం బెరడు నల్లగా, చిన్న చిన్న పలకలుగా పగిలి ఉంటుంది. ఏ విదేశీ టెక్స్‌చర్ల గుట్టలోనూ దాన్ని వెతికి పట్టుకోవడం కష్టం. దాన్ని ఫొటో తీయడానికి అడవిలోకి చొరబడనక్కర్లేదు, అది నేరం కూడా. నర్సరీల్లో, తోటల్లో పెంచిన చెట్లు చాలు.

బరువు తూకం

అందంగా ఉందని ఎంత పెద్ద బొమ్మయినా పెట్టలేం. టెక్స్‌చర్ కొలతలు సాధారణంగా రెండింతలుగా పెరుగుతాయి: 256, 512, 1024, 2048. అడ్డం 2048, నిలువు 2048 చుక్కల బొమ్మ కుదించకుండా ఉంటే మెమరీలో 16 ఎంబీ తింటుంది. 4096 అయితే 64 ఎంబీ. అలాంటివి పాతిక పెడితే చవక ఫోను ఉక్కిరిబిక్కిరవుతుంది. కుదింపు పద్ధతులు వాడితే 16 ఎంబీ బొమ్మ 4 ఎంబీకి, పారదర్శకత అక్కర్లేకపోతే 2 ఎంబీకి దిగుతుంది. కంప్యూటరు గేములకు డీడీఎస్ ఫైలు, ఫోన్లకు ఈటీసీ2, ఏఎస్‌టీసీ పద్ధతులు వాడుకలో ఉన్నాయి. దగ్గరగా కనిపించే బస్సు పక్క భాగానికి పెద్ద బొమ్మ, దూరాన ఉండే కొండకు చిన్న బొమ్మ. ఈ పొదుపు తెలిసినవాడికే ఆటగాడి దీవెన దక్కుతుంది, ఎందుకంటే సీమలో ఎక్కువమంది చేతిలో ఉన్నది చవక ఫోనే.

ఎవరి కష్టం వాళ్లది

ఈ లోకంలో పెద్ద బాధ దొంగతనం. ఒకరు రాత్రిళ్లు కూర్చుని గీసిన లివరీని ఇంకొకరు పేరు చెరిపేసి తమదిగా పంచేస్తారు. డబ్బుకూ అమ్ముతారు. అసలు గీసినవాడు మనసు విరిగి పని మానేస్తాడు. నష్టం అందరిదీ. ఇంకొకరి పని వాడుకుంటే అడగాలి, పేరు చెప్పాలి.

గేమ్‌లో మొదట ఉన్న బొమ్మలు ఆ కంపెనీ సొత్తని మరవకూడదు. కొన్ని కంపెనీలు మార్పులను ప్రోత్సహిస్తాయి, కొన్ని ఒప్పుకోవు. జీటీఏ హక్కులున్న టేక్-టూ సంస్థ 2021లో పలు అభిమాన మాడ్‌లను, అంటే ఆటగాళ్లు చేసిన మార్పులను తొలగింపజేసింది. ఆర్టీసీ చిహ్నమూ సంస్థదే. అభిమానంతో గీసుకోవడం వేరు, దాన్ని అమ్ముకోవడం వేరు. పోటీ ఆటల్లో గోడలను పారదర్శకంగా మార్చి ఎదుటివాణ్ణి చూడడం పచ్చి మోసం, ఖాతా పోతుంది. ఇక ఊరూ పేరూ లేని చోటి నుంచి మాడ్ ఫైళ్లు, ఏపీకేలు (యాప్ ఫైళ్లు) దించుకుంటే ఫోనులోని బ్యాంకు వివరాలకే ఎసరు. తల్లిదండ్రులు ఈ ఒక్క మాట పిల్లలకు గట్టిగా చెప్పాలి.

మొదలుపెట్టాలంటే...

• ఫోనులోనే బస్సు లివరీతో మొదలుపెట్టండి. టెంప్లేటు, పొరలతో గీసే ఒక యాప్ చాలు.
• కంప్యూటరు ఉంటే గింప్, క్రిటా, బ్లెండర్ మూడూ ఉచితమే. బొమ్మకు మొదటి రెండూ, ఆకారానికి బ్లెండర్.
• అసలు ఫైలును ముందుగా వేరేచోట దాచుకోండి. చెడితే తిరిగి పెట్టుకోవచ్చు.
• పొరలున్న ఫైలును భద్రపరచండి. గేమ్‌కు ఇచ్చేది దాని నకలు మాత్రమే.
• ఒక బండ, ఒక గోడ, ఒక తలుపు. ఈ మూడూ అతుకు తెలియకుండా చేయడం వస్తే సగం విద్య వచ్చినట్టే.
• ఇల్లూ గుడీ దర్గా ఫొటో తీసే ముందు అక్కడివాళ్లను అడగండి.

సీమకు ఒక ఖజానా కావాలి

ఈ పని సరదాతో మొదలై సరదాతోనే ఆగిపోనక్కర్లేదు. గేములకు, సినిమా గ్రాఫిక్స్‌కు, ఇంటి నమూనాలు గీసే ఆర్కిటెక్టులకు కావలసినది ఇదే విద్య. లివరీ గీసిన పిల్లాడికి పొరలు, కొలతలు, రంగు, వెలుతురు అప్పటికే తెలుసు. ఆ పునాది మీద కట్టేవాళ్లే కరువు.

దక్షిణాఫ్రికాకు చెందిన కళాకారుడొకరు మొదలుపెట్టిన పాలీ హేవెన్ అనే సంస్థ తాము ఫొటో తీసిన గోడలూ నేలలూ రాళ్లూ టెక్స్‌చర్లుగా మార్చి లోకానికి ఉచితంగా ఇస్తోంది. ఎవరైనా, దేనికైనా వాడుకోవచ్చు. కొద్దిమంది కలిసి తమ చుట్టూ ఉన్న నేలను లోకానికి అలా పంచగలిగినప్పుడు మనమెందుకు పంచలేం? కర్నూలులో ట్రిపుల్ ఐటీ డీఎం ఉంది, దాని పేరులోనే డిజైన్ ఉంది. ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ ఉంది. కడపలో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది. యోగి వేమన, రాయలసీమ విశ్వవిద్యాలయాలున్నాయి. ఒక్కో కాలేజీ ఒక్కో మండలాన్ని తీసుకుని అక్కడి రాయి, మట్టి, గోడ, తలుపు, చెట్టు బెరడు పద్ధతిగా ఫొటో తీసి, టెక్స్‌చర్లుగా మార్చి, ఊరి పేరుతో సహా అందరికీ ఉచితంగా ఇస్తే సీమకొక ఖజానా ఏర్పడుతుంది. మట్టిమిద్దెలు ఏటేటా కూలిపోతున్నాయి. చేత్తో రాసిన బస్సు బోర్డులు పోయి స్టిక్కర్లు, ఎల్ఈడీలు వచ్చాయి. ఆలస్యం చేసేకొద్దీ ఫొటో తీయడానికి మిగిలేవి తగ్గిపోతాయి.

అధ్యాపకులకు మనవి: వచ్చే సెమిస్టరు ప్రాజెక్టుల జాబితాలో దీన్నొకటి చేర్చండి. పిల్లలకు మాట: మీ ఊరి అరుగు బండతోనే మొదలుపెట్టండి, ఫైలుకు మీ ఊరి పేరే పెట్టండి.